గ్రీకుల దీవిలో సైరా

“ఇంట్లో దీపం లేదు, నీకు ద్వీపం కావల్నా?” అని బాలసుబ్బయ్య గద్దించాడు.

“సైరా ఉండేది ద్వీపంలోనే కదన్నా. నేనేం చేసేది?” అన్నాడు నూర్ బాషా.

అబూ హలీఫాలో రొట్టెల దుకాణం ముందు వరసలో నిలబడ్డారు ఇద్దరూ. ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చి జనాన్ని ఇరకాటంలో పెట్టినప్పటి నుంచి, కువైట్ అంటే కూటికి వెయిట్ చేయడమే అయిపోయింది. సైనికులు సంచులు నింపుకుపోయాక ఏమైనా మిగిలితే అది జనానికి. అడిగినవాడి సంగతి వీధి మలుపులో ఉంది. రెండు రోజులుగా శవాన్ని తీసేవాళ్ళు లేక అక్కడే పడి ఉన్నాడు.

బాషా రాయచోటివాడు, షువైఖ్ రేవులో మెకానిక్కు, బాలసుబ్బయ్యకు గదిలో తోడు. పోయిన చలికాలం వీసా ఇచ్చిన షేకు, వాళ్ళ కఫీల్, తన పడవ ఇంజను ఎక్కడో గ్రీకుల దీవిలో మొరాయిస్తే, బాషాను వెంటబెట్టుకు పోయాడు. అక్కడ ఒక ముసలి మామా, అంటే ఇంటి యజమానురాలి దగ్గర వంట చేసే కడప పిల్ల సైరా టీ గ్లాసు అందిస్తూ, “చక్కెర సరిపోయిందా?” అని తెలుగులో అడిగింది. అంతే. ఇంజను బాగుపడింది, మెకానిక్కు చెడిపోయాడు.

ఆ తర్వాత కఫీల్ పడవ కదిలితే చాలు, ఏదో వంకన వీడూ ఎక్కేవాడు. వచ్చాక గదిలో ఎవర్నీ నిద్రపోనిచ్చేవాడు కాదు. నీలం నీళ్ళంట, గ్రీకులు కట్టిన గుడంట, కూలిపోయిన రాతి స్తంభాలంట. అక్కడే పడవల షెడ్డు వేసుకుని, సైరాను నిఖా చేసుకుని ఉండిపోతాడంట. షేకులకు యూరప్‌లో ఇళ్ళూ వాకిళ్ళూ ఉంటాయని బాలసుబ్బయ్య విన్నదే కాబట్టి నమ్మాడు.

“అక్కడ ఉండేదానికి ఇఖామా ఎవడిస్తాడురా?” అని ఎవరైనా అడిగితే బాషా జవాబు ఒకటే.

“ఇఖామా ఏమిటికన్నా? ఇక ఆమే!”

వరసలో వెనకనున్న డ్రైవర్ రసూల్ ముందుకు వంగాడు. “విన్నారా? ఫైలకాను ఖాళీ చేయించినారంట.”

“అదేందిరా?” అన్నాడు బాలసుబ్బయ్య.

“అదేన్నా, కువైట్‌కు ఎదురుగా సముద్రంలో ఉంది చూడు. ఇసకంతా మందుపాతర్లు పూడ్చినారంట. దిగినోడు మిగల్డు.”

“జనాన్ని ఏం చేసినారు?” అని అడిగాడు బాషా.

“కువైటోళ్ళను పడవలెక్కించి తోలేసినారు. పనోళ్ళను మాత్రం సైనికులకు వండి పెట్టేదానికి ఆపుకున్నారని అంటాండారు. ఎవరు చూడొచ్చినారు?”

“ఖలాస్! ఖలాస్!” అని దుకాణంవాడు రేకు తలుపు దించేశాడు. వరసంతా ఉసూరుమంది. బాషా మొహమైతే పెనం మీద మరిచిపోయిన రొట్టెలా మాడిపోయింది.

“ఏడవద్దులేరా. ఇంకో గంటలో లారీ ఎక్కుతాం. జోర్డాన్ చేరితే విమానం, ఆనక ఇల్లు,” అని భుజం తట్టాడు బాలసుబ్బయ్య.

గది మెట్ల మీద సంజీవమ్మ కూర్చుని ఉంది. కాళ్ళకు చెప్పుల్లేవు. మోచేతులు గీరుకుపోయాయి. బాలసుబ్బయ్య ఒక్క అంగలో ఆమె దగ్గరికి చేరాడు. భార్య పని చేసే ఇంటివాళ్ళు ఆమెను తీసుకుని సౌదీకి వెళ్ళిపోయారనే అతను ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

“నన్ను ఇంట్లో పెట్టి తాళమేసుకుని పోయినారు,” అంది ఆమె. “నీళ్ళు అయిపోయినాక గోడ దూకినా.”

లారీలో బాలసుబ్బయ్యకూ బాషాకూ ఇద్దరికే చోటుంది. ముగ్గురమని బతిమాలితే లారీ డ్రైవర్ వినలేదు. “ఇద్దరే. యల్లా!” అని తొందరపెట్టాడు.

బాలసుబ్బయ్య బాషా వైపు చూశాడు. అడగడానికి నోరు రాలేదు. చూపు తిప్పుకోవడానికి మనసు రాలేదు.

“నువ్వూ వదినా ఎక్కండన్నా,” అన్నాడు బాషా. “నేను సైరా కాడికి పోతాండా. కఫీల్ పడవ షువైఖ్‌లోనే ఉంది. ఇంజను నా చేత్తో చేసిందే.”

“పాస్‌పోర్టు కఫీల్ దగ్గర కదప్పా?” అంది సంజీవమ్మ.

“ఆ దీవిలో పాస్‌పోర్టు అడగరు వదినా.”

“యుద్ధం గిద్ధం లేదు కదా ఆడ?”

బాషా వాళ్ళ మూట అందుకుని లారీలో పెట్టాడు. “ఆడ సైరా ఉంది వదినా.”

“పడవ జాగ్రత్తరా. పడతావ్,” అన్నాడు బాలసుబ్బయ్య.

“ఎప్పుడో పడినా కదన్నా, ఇప్పుడేం జాగ్రత్త!”

లారీ కదిలాక బాలసుబ్బయ్య గుండెల మీది బరువు దిగింది. దిగిన చోట కొంచెం కుళ్ళు కూడా చేరింది. తాము ఎడారిలో ఎండిపోతుంటే వాడు నీలం నీళ్ళ ఒడ్డున టీ తాగుతాడు. దారి పొడుగునా కాలిన కార్లు. ఒకదానిలో డ్రైవర్ ఇంకా స్టీరింగ్ ముందే ఉన్నాడు. సంజీవమ్మ కొంగుతో కళ్ళు మూసుకుంది.

పక్కనున్న పెద్దమనిషి ఆమెకు నీళ్ళ సీసా ఇచ్చాడు. పేరు భీమేశ్వరరావు. కాకినాడాయన. కువైట్ సముద్రానికి పటాలు గీసే ఆఫీసులో పనిచేసేవాడట.

“ఇందాక ముగ్గురన్నారు. ఆ అబ్బాయి ఏడండీ?” అని అడిగాడు.

“మావాడు అదృష్టవంతుడు సార్. గ్రీసు పోతాండాడు.”

“గ్రీసా? ఎలా వెళతాడండీ?”

“మోటారు పడవలో. ఆడ పిల్లను చూసుకున్నాడు. ఎప్పుడు పోయినా పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేస్తాడు సార్.”

భీమేశ్వరరావు కళ్ళద్దాలు తీశాడు. “గ్రీకుల గుడి ఉందని చెప్పాడా? కూలిపోయిన స్తంభాలు?”

“ఔ సార్! మీరూ చూసినారా?”

“పటం గీయడానికి వెళ్ళానండీ,” అని, సంజీవమ్మ వైపు చూసి, గొంతు తగ్గించాడాయన. “అక్కడ గ్రీకులుండేది రెండువేల ఏళ్ళ కిందట బాబూ. ఇప్పుడు దాని పేరు ఫైలకా.”