రొట్టె మీది మచ్చలు

ఫొటో చూపిస్తే చాలు, మగ్గాలు వాటంతటవే చీర నేసే రోజులొచ్చాయి. గద్వాలలో సువర్ణకు మిగిలిన పనల్లా ఇంతవరకూ ఎవరూ తీయని డిజైను వెతికి ఫొటో తీయడమే. పాతది చూపిస్తే మగ్గం "ఇది ఉంది" అని ఆగిపోతుంది.

సాయంత్రంలోగా కొత్తది దొరక్కపోతే పెళ్లిచీర బేరం చేజారుతుంది. పొద్దుటి నుంచి సువర్ణ తొండ వీపు తీసింది, చీమల బారు తీసింది, సీతాఫలం తొక్క, ఎండిన బురదలో నెర్రెలు కూడా తీసింది. అన్నింటికీ మగ్గానిది అదే మాట.

విసిగిపోయి వంటింట్లోకొచ్చింది. అత్తగారు భారతమ్మ జొన్నరొట్టెను పెనం మీంచి తీసి నిప్పుల మీద తిప్పుతోంది. తెల్లటి రొట్టె ఉబ్బి, దాని మీద నల్లటి మచ్చలు ఒక్కొక్కటే తేలుతున్నాయి.

"అత్తమ్మా, జర ఆగు!" అని సువర్ణ ఫొటో తీసి మగ్గానికి పంపింది.

ముందుగదిలో మగ్గం టకటకమని కదిలింది.

రెండో రొట్టెను కూడా ఫొటో తీసింది. అదీ కొత్తదే. పది రొట్టెలు తీస్తే పదీ కొత్తవే.

"ఎంత మంచిగున్నయత్తమ్మా!"

భారతమ్మ చేతుల పిండి దులుపుకుంది.

"పెండ్లయినప్పటి సంది దినాం తింటనే ఉన్నవు గదనే. ఇయ్యాల కనవడ్డయా?"