శుభ్రంగా గీసిన ముఖం

"ముక్కు మావాడిదే. గడ్డమూ మావాడిదే. కానీ వీడు మావాడు కాదమ్మా," అంది ఆ తల్లి, మార్చురీ గోడకి అంటించిన బొమ్మను చూస్తూ. ఆమె రావడం ఇది మూడోసారి.

బొమ్మ గీసింది అక్కడి క్లర్కే. చిన్నప్పుడు నాన్న పెన్సిళ్లు విరిచేస్తే మానేసిన పనిని ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ పట్టుకుంది. గుర్తు తెలియని శవాల ఫొటోలు జనం చూడలేకపోతున్నారని, ఆ ముఖాలను శుభ్రంగా గీసి పెడుతోంది. ఇప్పుడు డాక్టర్లు కూడా ఆమెను ఆర్టిస్టుగారూ అనే పిలుస్తున్నారు.

"ఎందుకు కాదంటున్నారు పెద్దమ్మా?"

"మావాడికి ఎడమ కనుబొమ మధ్యలో గాటుంటుంది. చిన్నప్పుడు ఉయ్యాల మీంచి పడ్డాడు."

ఆ శవం ముఖం నిండా గాట్లే. అన్నీ ప్రమాదంలో తగిలినవే అనుకుని, క్లర్కు ఒక్కటీ గీయలేదు.

పెన్సిల్ తీసి, కనుబొమను మధ్యలో చెరిపి, సన్నటి గీత పెట్టింది.

తల్లి ఆ గీత మీద వేలు ఆనించింది. "వీడే. ఒక్కసారి చూడనివ్వమ్మా."

"నిన్న పొద్దున పూడ్చేశారు పెద్దమ్మా."

"మరి మొన్న నేనొచ్చినప్పుడు?"

క్లర్కు బొమ్మ ఉన్న గోడ వైపు చూసింది.

"దీని వెనకే ఉన్నాడు."