ఒక్క ‘వద్దు’

“వద్దు అనడానికి ఎంతసేపు పడుతుంది అన్నయ్యా? రెండక్షరాలు!”

సమావేశం హాలు మెట్ల మీద చెల్లెలు అతని చొక్కా చెయ్యి వదల్లేదు. ఆమె భర్త పనిచేసే గని కూలిపోయింది. తోటివాళ్లతో పాటు అతనూ ఇంకా ఆ మట్టికిందే ఉన్నాడు. అక్కడ ఇక ఎవరూ తవ్వకూడదని ప్రభుత్వం గని మూసేసింది.

ఇప్పుడు ఇరుగుపొరుగు దేశాల కూటమి పెట్టుబడుల ఒప్పందం రాసుకుంటోంది. పదకొండో అంశం గట్టెక్కిందంటే, మూసిన గనిని కంపెనీ మళ్లీ తెరిపించుకోవచ్చు. కూటమి ఊ అంటే బయటి పెద్ద దేశాలే అదే దారి పడతాయి. అతను ప్రతినిధిగా వచ్చిన చిన్న దేశం ఏపాటిది?

“ఆయన ఎముకల మీద యంత్రాలు నడిపిస్తారు అన్నయ్యా.”

“నన్ను అననిస్తే కదమ్మా! పొద్దున్నుంచీ అందరూ నా మీదే పడ్డారు. పెట్టుబడులు పోతే అడుక్కుతింటారని బెదిరిస్తున్నారు.”

“కూటమి అధ్యక్షుడు మంచాయన అన్నావుగా?”

“ఆయన మనసు వెన్న. నన్ను కసురుకోనిది ఆయనొక్కడే.”

మౌనం అర్ధాంగీకారం అంటారు. ఈ కూటమిలో అది పూర్తి అంగీకారమే. ఓట్లుండవు, చేతులెత్తడాలుండవు. అధ్యక్షుడు అంశం చదువుతాడు. సుత్తి పడేలోగా ఒక్క దేశం వద్దన్నా అది చెత్తబుట్టకే. నోటి సుత్తి ఎంతసేపు సాగినా, తేల్చేది ఆ చెక్క సుత్తే.

చెల్లెలు పైన సందర్శకుల గ్యాలరీలో కూర్చుంది. కింద అతను తన దేశం పేరున్న కుర్చీలో కూర్చున్నాడు. పెట్టుబడులు పోతే నింద తన నెత్తిన పడుతుంది. పడనీ అనుకున్నాడు.

అధ్యక్షుడు పదకొండో అంశం చదివాడు. అతను లేచి మైకు అందుకోబోయాడు.

“ఒక్క క్షణం బాబూ.” అధ్యక్షుడి గొంతు వణికింది. “మీ బాధ నాకు తెలుసు. మీ బావగారూ, ఆయన తోటి కార్మికులూ ఇంకా ఆ గనిలోనే ఉన్నారు. ముందు వాళ్ల కోసం అందరం ఒక్క నిమిషం మౌనంగా నిలబడదాం.”

కుర్చీలు కదిలాయి. పొద్దున కసిరినవాళ్లే తలలు వంచుకున్నారు. గ్యాలరీలో చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్లకు ఈ హాల్లో ఎవరో ఒకరు వాళ్లను తలుచుకున్నారు. అతనికి కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది. పళ్లబిగువున ఆపుకుని, కిక్కురుమనకుండా నిలబడ్డాడు.

నిమిషం కాగానే అధ్యక్షుడు కళ్లు తుడుచుకుని, సుత్తి కొట్టి, “ఎవరూ వద్దనలేదు కనుక పదకొండో అంశం ఆమోదం పొందింది” అన్నాడు.