మిట్టమధ్యాహ్నపు సాక్ష్యం

కాలువలో బాతుపిల్ల ఒకటి చచ్చి తేలింది. చంపింది ముంగిసేనని కొంగ తీర్పు చెప్పి, గట్టు విడిచి పొమ్మంది. ముంగిస తాబేలు దగ్గర అప్పీలు చేసుకుంది. తాబేలు మునిమాపు వేళ అందరినీ పిలిపించింది.

“తాతా, కొంగగారికి పొద్దునా సాయంత్రం చేపల వేట. అందుకే విచారణ మిట్టమధ్యాహ్నం పెట్టారు. నన్ను గుర్తుపట్టిన సాక్షి ఎవరనుకున్నావు? గుడ్లగూబ!” అంది ముంగిస.

“ఏమమ్మా, ఎండలో నీకు కళ్ళు కనిపిస్తాయా?” అని తాబేలు గుడ్లగూబను అడిగింది.

“కనిపించవు తాతా. ‘వీడేనా’ అన్నారు. ఎదురుగా ఏదో కదిలింది. పెద్దవాళ్ళు అడిగారు కదా అని అవునన్నాను.”

“పోనీ, ఇప్పుడు చూసి చెప్పు.”

“అప్పటి నుంచీ అందరూ ముంగిస, ముంగిస అంటున్నారు. బాతుపిల్ల చచ్చిన రాత్రి నేను చూసిందేమిటో ఇప్పుడు నాకే తెలియడం లేదు.”

“అవతలి గట్టు రెల్లులో పాము కూడా తిరుగుతోంది. దాన్నెవరూ అడగలేదు,” అంది ముంగిస.

“ఈ విచారణ చెల్లదు. తీర్పు కొట్టేస్తున్నాను,” అంది తాబేలు.

తల్లిబాతు ముందుకొచ్చింది. “అయితే నా బిడ్డను ముంగిస చంపలేదా తాతా?”

“అలా అనలేదమ్మా.”

“మరి చంపిందా?”

“అలా కూడా అనలేదు. విచారణ తప్పన్నాను, అంతే.”

“మిగిలిన పిల్లలను ఎవరి నుంచి కాపాడుకోను?”

తాబేలు తల డిప్పలోకి లాక్కుంది.

ముంగిస తన బొరియకు తిరిగి వచ్చింది. తల్లిబాతు తన పిల్లలతో కాలువలోకి దిగింది. ఈ గట్టున బొరియ, ఆ గట్టున రెల్లు.

“అమ్మా, కాళ్ళు నొప్పులు. ఏ గట్టుకు పోదాం?” అంది చిన్నపిల్ల.

“ఇంకాస్త ఈదు నాన్నా,” అంది బాతు, కాలువ నడిమధ్యనే తిరుగుతూ.