పిల్లల మాటే వినే కుళాయి

విశాఖపట్నంలో కుళాయిలన్నీ పిల్లల గొంతుకు తప్ప తెరుచుకోని రోజులవి. పెద్దవాళ్ల చేతికి నీళ్లు అప్పజెబితే ఎంత దుబారా అయ్యాయో ఊరంతా చూసింది మరి.

ఆ ఉదయం ఒంటినిండా సబ్బుతో ఉన్న గోవర్ధనరావుకు బకెట్ ఖాళీ అయిపోయింది. ఆఫీసుకు ఆలస్యమవుతోంది, కళ్లు మండుతున్నాయి.

"అమ్మా హారికా, కుళాయికి ఓ మాట చెప్పమ్మా!" అని లోపలినుంచి అరిచాడు.

ఎనిమిదేళ్ల కూతురు తలుపు దగ్గరికొచ్చింది. "మళ్లీ పాటలు పాడుతూ పోసేసుకున్నావా నాన్నా?"

"ఇంకెప్పుడూ పాడను, ఒట్టు!"

"సరే. కుళాయీ, నాన్నకి అరబకెట్ ఇవ్వు. నాన్నా, అడుగున మిగిలినవి కరివేపాకు మొక్కకి పొయ్యి."

తువ్వాలు చుట్టుకుని, చెంబుతో బాల్కనీలోకి వచ్చిన గోవర్ధనరావు బిక్కచచ్చిపోయాడు. ఎదురు బాల్కనీలో, తలంతా నురగతో ఆఫీసు మేనేజరు నిలబడి ఉన్నాడు.

"గోవర్ధనం, మావాడు అలిగి కూర్చున్నాడయ్యా," అన్నాడాయన దీనంగా. "మీ పాపని ఓసారి పంపవూ?"