కోతులు తిప్పిన సారె

కుమ్మరి ఎలుగుబంటికి ఏనుగు సారె తిప్పిపెట్టేది. పూటకో అరటితోట మేసేస్తోందని ఎలుగు దాన్ని మానిపించింది. బరువైన రాతిసారెని కూడా అవతల పారేసి, తేలికపాటి చెక్కసారె తెచ్చి, ఊరికే తిప్పిపెడతామన్న కోతుల్ని పెట్టుకుంది.

కోతులు భలే తిప్పాయి. కానీ ఒళ్ళు గోక్కున్నప్పుడల్లా సారె ఆగేది, కుండ మెడ వంకరపోయి బీటలిచ్చేది. ఎండాకాలం వచ్చేసరికి అడవిలో నీళ్ళు నిలిచే కుండ ఒక్కటీ లేదు.

ఎలుగు సిగ్గు చంపుకుని ఏనుగు దగ్గరికి వెళ్ళింది. "అత్తా, మళ్ళీ రావాలి. కావాలంటే చెరుకుతోట కూడా మేద్దువుగాని."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అంది ఏనుగు. "తిప్పడానికి కోతులు చాలు. నన్ను మానిపిస్తే మానిపించావు, ఆ రాయేం పాపం చేసిందిరా? దాని బరువుకే సారె ఆగకుండా తిరిగేది."

ఎలుగు రాతిసారెని దొర్లించుకొచ్చింది. కోతులు ఇప్పటికీ గోక్కుంటూనే ఉన్నాయి. కుండకి మాత్రం ఆ సంగతే తెలీదు.