శాశ్వతంగా మూసేశాం

అన్నయ్య గడియారాల షాపుకి వెబ్‌సైట్ చేసింది నేనే. ఎవరైనా షాపు గురించి ఫోన్‌ని నోటితో అడిగితే ఏం జవాబు చెప్పాలో ఆ కోడ్‌లోనే రాసిపెట్టాను. అన్నయ్య పోయాక, ఒక రాత్రి షాపులో షట్టరు దించుకుని కూర్చుని, గుండె రాయి చేసుకుని, ఆ జవాబుని "శాశ్వతంగా మూసేశాం" అని మార్చాను. సరిగ్గా చదువుతుందో లేదో చూద్దామని ఫోన్‌ని అడిగాను.

"షాపు తెరిచి ఉందా?"

"కాసేపట్లో తెరుస్తారు," అంది ఫోన్‌లో ఎప్పటి ఆడగొంతు.

కోడ్ చూశాను. నేను రాసింది రాసినట్టే ఉంది. మళ్లీ అడిగాను.

ఈసారి జవాబు మారింది. గొంతు అదే, మాట మాత్రం అన్నయ్యది.

"శాశ్వతంగా అని రాస్తావేంటే, చిట్టీ? అంబులెన్స్ ఎక్కుతూ వెళ్లొస్తాననేగా చెప్పాను?"

ఏడుస్తూనే కోడ్‌లోంచి ఆ మాట చెరిపేశాను.

బయటి నుంచి షట్టరు జానెడు పైకి లేచింది.